ఆదివారం నడకలూ మా తోడికోడలూ

మా అమ్మాయి బస్సులో నా పక్క సీటు వదిలేసి మా తోడికోడలి పక్కన కూర్చున్న మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. మైపాడు బస్సు. కిటికీ పక్క సీటు దానికోసమని చేతిసంచి పెట్టి ఆపాను. అది ఎక్కింది, నన్ను చూసింది, "నువ్వు కూర్చోమ్మా, నేను పిన్ని కాడ కూర్చుంటా" అని రెండు వరసలు వెనక్కి పోయింది. జరిగింది అంతే. దీనికే ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అంటారు. నేను మాత్రం ఆ సంచిని సీటు మీద నుంచి తీయలేదు. కండక్టరు వచ్చి ఇక్కడ ఎవరన్నా ఉన్నారా అని అడిగితే ఉన్నారని చెప్పాను. నెల్లూరు నుంచి మైపాడు దాకా నా సంచి కిటికీ పక్కన హాయిగా గాలి పీల్చుకుంటూ వచ్చింది.

నాకు అసూయ ఎక్కువ. దాచుకోవాల్సిన గుణమని తెలిసే రాస్తున్నాను. ఇంకొకరి నగలు, ఇంకొకరి మేడలు చూస్తే నాకేమీ కాదు. ఆఫీసులో నా తర్వాత చేరినామెకు నాకంటే ముందు ప్రమోషన్ వస్తే స్వీట్లు తెప్పించి బల్లబల్లకూ తిరిగి పంచింది నేనే. కానీ నావాళ్ళు అనుకున్నవాళ్ళు ఇంకొకరి మాటకు నా మాటకంటే ఎక్కువ నవ్వితే నాకు ఆ పూట అన్నం సహించదు. చిన్నప్పుడు మా నాయన మా అక్కను ముందు సైకిలెక్కించుకున్నాడని పొలం గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదట. ఆ గట్టు మీద నుంచి నేను ఇప్పటికీ పూర్తిగా లేచినట్టు లేదు.

నడకల సంగతి ముందు చెప్పాలి. నాకు షుగరని తేలినప్పుడు డాక్టరుగారు రోజూ ముప్పావు గంట నడవమన్నారు. ఇంటికి దగ్గరలో ఒక మైదానం ఉంది. దాని చుట్టూ మూడు నెలలు గానుగెద్దులా తిరిగాను. ముందు నడిచేవాళ్ళ వీపులు, వాళ్ళ ఫోన్లలో భక్తి పాటలు, రోజూ అదే వేపచెట్టు. నాలుగో నెల ఒక ఆదివారం పొద్దున, అప్పటికి పదేళ్ళున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని కొడవలూరు బస్సెక్కాను. నేను పుట్టిన ఊరే. హైవే మీద దిగి, ఊళ్ళోకి పోకుండా, చేలగట్ల మీద పడి తూర్పుగా నడిచి, రెండు గంటల తర్వాత ఇంకో రోడ్డు మీద ఇంకో బస్టాపు దగ్గర తేలాం. ఇద్దరికీ కాళ్ళ నిండా పల్లేరుకాయలు. మా అమ్మాయి బస్సులో నా భుజం మీద పడి నిద్రపోయింది. ఆ రోజే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాను. ఒక స్టాపులో దిగాలి, ఇంకో స్టాపులో ఎక్కాలి. పోయిన దారినే తిరిగి రాకూడదు. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి, లేదంటే చీకటి పడకముందు. నెల్లూరులో నడవడానికేముంది, ఒక కొండన్నా లేదు, నడవాలంటే పెంచలకోనకో తిరుమలకో పోవాలి అంటారు జనం. వాళ్ళకు చదును నేల మీద చూడటం రాదు. పెన్న కట్ట మీద ఒక దారి ఉంది, వెనక ఊరి మోత అంతా వినపడుతూనే ఉంటుంది, ముందు మాత్రం రెల్లుపొదలు, కొంగలు. పాత కాలవ గట్టున ఒక దారి ఉంది, మధ్యలో నాటుపడవ ఉంటే దాటొచ్చు, లేకపోతే నాలుగు మైళ్ళు చుట్టు. వీటన్నిటికీ ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ బస్సు ఎన్నింటికి, నీడ ఎక్కడ, టీ ఎక్కడ బాగుంటుంది, ఏ ఇంటి కుక్క కట్టేసి ఉండదు, అన్నీ అందులో ఉంటాయి.

మొదట మేమిద్దరమే. తర్వాత ఆఫీసువాళ్ళు ఇద్దరు, మా వీధివాళ్ళు కొందరు, క్రికెట్ మ్యాచి లేని ఆదివారాల్లో మా ఆయన. పది పన్నెండు మందిమయ్యాం. వాట్సాప్ గ్రూపు పెట్టారు. నన్ను లీడరు మేడం అనేవారు. నవ్వులాటకే అన్నా నాకు బాగుండేది. నేను ముందు నడిచేదాన్ని. నా వెనకే, నా సంచి పట్టీ పట్టుకుని మా అమ్మాయి. మిగిలినవాళ్ళు ఎట్లా వచ్చినా నాకు పట్టేది కాదు.

గట్టు మీద నడవడం దానికి నేనే నేర్పాను. పాదం కొంచెం అడ్డంగా వెయ్యాలని, కొత్తగా మన్ను చెక్కిన గట్టు మీద కాలు పెట్టకూడదని, పచ్చగా మెరిసే గడ్డి కింద జారుడు ఉంటుందని. కోత అయ్యాక చేను ఆరి నెర్రెలు విచ్చితే ఇక దాని మీద ఎద్దునైనా నిలబెట్టవచ్చని, ఆ నేల దిగబడదని మా నాయన నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. అది నేల చూసి నడిచేది. నేను దాన్ని చూసి మురిసేదాన్ని.

ఇక మా తోడికోడలు. మా మరిది ఐసు మిషన్లు బాగుచేస్తాడు. జువ్వలదిన్నెలో ఏదో పని మీద నెలరోజులుండి, అక్కడి పిల్లను చేసుకుంటానని వచ్చాడు. మాది మాగాణి కుటుంబం, వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. మా అత్తగారు ఏడాది పాటు ఆ పేరు ఎత్తనివ్వలేదు. అప్పుడు ఆ అమ్మాయి తరఫున అత్తగారితో వాదించి, వాదించి, చివరికి ఆమెను ఇంట్లోకి తెచ్చింది నేనే. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. ఉడుక్కోవడానికి మనిషిని నేనే పనిగట్టుకుని తెచ్చుకున్నానని చెబుతున్నాను.

ఆమె మాతో మొదటిసారి వచ్చింది ఆ మైపాడు ఆదివారమే. నేను దారి ముందే ఆలోచించి పెట్టాను. ఒడ్డు వెంబడి ఉత్తరంగా పోయి, సరుగుడు తోపుల వెనక నుంచి రోడ్డు ఎక్కాలి. ఎండ తగలకుండా చెట్ల వార నడిపించాను. అక్కడంతా పొడి ఇసుక. అరగంటకే అందరూ రొప్పుతున్నారు. మా ఆఫీసామె ఒకావిడ పిక్క పట్టుకుని కూర్చుండిపోయింది.

తోడికోడలు నా దగ్గరకొచ్చి చిన్నగా అన్నది. "అక్కా, పొడి ఇసకలో నడిస్తే ఇంతే. అల తాకిపోయిన కాడ నడిస్తే నేల గట్టిగా ఉంటాది. చెప్పులు చేతిలో పట్టుకోమను."

చిన్నగానే అన్నది. కానీ మా అమ్మాయి విన్నది. చెప్పులు విప్పి తడి ఇసుక మీదికి పరిగెత్తింది. దాని వెనక అందరూ దిగారు. నిజంగానే నడక తేలికైంది. పదకొండింటికి సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. తోడికోడలు ఇసుక దిబ్బ అవతల, తాటిచెట్ల కింద ఒక పల్లం చూసి, కొబ్బరి చిప్పతో గుంట తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి లోతుకు నీళ్ళు ఊరాయి. మొదటి నీళ్ళు తోడి పారబోసి, రెండోసారి ఊరినవి మా అమ్మాయి దోసిట్లో పోసింది. సముద్రానికి అంత దగ్గరలో తియ్యటి నీళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు చెలమల దగ్గరే బిందెలు నింపుకునేవారట. అందరూ తాగారు. మా ఆయన రెండుసార్లు తాగాడు.

"నువ్వు తాగక్కా" అని చిప్ప నా ముందు పెట్టింది.

నాకు దాహంగా లేదన్నాను. నాలుక పిడచగట్టుకుపోయి ఆ మాట కూడా సరిగ్గా రాలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం మా అమ్మాయి అడిగే ప్రశ్న మారింది. ఇదివరకు "రేపు ఎటు పోతా ఉండాం?" అనేది. ఇప్పుడు "రేపు పిన్ని వస్తాదా?" అంటుంది. నా సంచి పట్టీ వదిలేసింది. వరస చివర పిన్నితో నడిచేది. వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకునేవారు. నేను వెనక్కి తిరిగి చూస్తే నవ్వు ఆగిపోయేది. నన్ను చూసి ఆపారని కాదు, మాట అయిపోయి ఉంటుంది. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ పూట మొత్తం ఆ నవ్వు దేని గురించో ఆలోచిస్తూ నడిచేదాన్ని. దారి పక్క ఏముందో నోటుపుస్తకంలో రాసుకోవడం మానేశాను.

ఒకసారి బిట్రగుంట దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి జువ్వలదిన్నె పోయాం. ఒడ్డు మీద నడిచాక తోడికోడలి వాళ్ళమ్మ అందరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. మా అమ్మాయి ఆమెను "అమ్మమ్మా" అని పిలిచి ఇంకొంచెం వేయించుకుంది. మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిలుపు ఇంట్లో వినపడక అన్నేళ్ళయింది. అది కూడా వాళ్ళకే పోయిందే అనుకున్నాను. పులుసు మాత్రం చాలా బాగుంది, ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మాయి ఏ పిట్ట ఎక్కడ వాలితే అక్కడ చేప ఉన్నట్టో, నీళ్ళ రంగు ఎట్లా మారితే వల వేస్తారో ఒకటే చెప్పుకుపోతుంటే, "రేపు లెక్కల పరీక్షలో ఇవే రాయి" అన్నాను. అది మాట ఆపేసి లోపలికి పోయింది.

చిన్న చిన్న నీచాలు కూడా చేశాను. ఆమె తీరికలేని ఆదివారాలు చూసి నడక పెట్టేదాన్ని. గ్రూపులో కబురు శనివారం పొద్దుపోయాక పెట్టేదాన్ని. అయినా ఆమె పొద్దున ఐదింటికల్లా బస్టాండులో ఉండేది, అందరికీ సరిపడా ఉడకబెట్టిన శనక్కాయలు మూట కట్టుకుని. ఎప్పుడూ నాకంటే ముందు నడిచేది కాదు. "నువ్వు చెప్పక్కా, ఎటు పోదాం" అనేది. ఆమె ఒక్కసారన్నా తలబిరుసుగా మాట్లాడి ఉంటే నా కోపానికి ఒక కారణం దొరికేది. అదీ దొరకనివ్వలేదు మహాతల్లి.

"ఆమె ఏం జేసిందని నీకీ ఉడుకుమోత్తనం?" అని మా ఆయన ఒకరోజు అడిగాడు. నాకేం ఉడుకుమోత్తనం లేదని గట్టిగా చెప్పి, ఆ కోపంలో పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. మా అమ్మాయికి పదిహేను వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో దొరవారిసత్రం నడక పెట్టాను. పొద్దున్నే రైలెక్కి అక్కడ దిగి, నేలపట్టులో పక్షుల్ని చూసి, అక్కడి నుంచి ఆటోలో పులికాట్ ఒడ్డు ఊరొకటి చేరి, సరస్సు గట్టు వెంబడి నడిచి వేరే రోడ్డు ఎక్కాలి. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఒక్కొక్కరే రాలేమన్నారు. చివరికి ముగ్గురమే మిగిలాం. నేను, మా అమ్మాయి, తోడికోడలు.

సరస్సు గట్టెక్కేసరికి పది దాటింది. ఆ యేడు నీళ్ళు తొందరగా వెనక్కి పోయాయి. గట్టు కింద నుంచి చాలా దూరం బూడిదరంగు నేల, దాని చివర నీళ్ళు సన్నగా మెరుస్తున్నాయి. గట్టు మీదే కొంచెం అవతల నాలుగు పడవలు లాగి పెట్టి ఉన్నాయి. ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు వరసగా నిలబడి ఉన్నాయి. అంత దూరానికి వాటి కాళ్ళు కనపడటం లేదు, లేత గులాబీరంగు మాత్రమే కనపడుతోంది. మా అమ్మాయి ఫోను తీసింది, ఫొటోలో ఏమీ రాలేదు.

"దగ్గిరికి పోదామా?" అన్నది. అడిగింది పిన్నిని. నా వైపు చూడలేదు.

తోడికోడలు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాకు ఈ నేల తెలీదమ్మా. మాది సముద్రం. ఇది వేరే. ఈ ఊరోళ్ళని ఎవరినన్నా అడిగి దిగుదాం అక్కా. ఏడ గట్టో ఏడ మెత్తనో వాళ్ళకి తెలుస్తాది."

వాళ్ళలో అది పద్ధతి. వాళ్ళ నాయన వేరే ఊరి ఒడ్డుకు పడవ తెచ్చినా, ముందు ఒడ్డున ఉన్నవాళ్ళను కేకేసి అడిగి, వాళ్ళు రమ్మన్న చోటే దిగేవాడని ఆమె ఇదివరకు చెప్పింది. తెలియని ఒడ్డున అడక్కుండా అడుగు పెట్టడం వాళ్ళకు తప్పు. నాకు ఆ పద్ధతి గుర్తుంది. కానీ ఆ నిమిషాన నాకు వినపడింది ఒక్క మాటే. నాకు ఈ నేల తెలీదు. రెండేళ్ళకు ఆమె నోట ఆ మాట విన్నాను. లోపల ఎంత సంతోషం పొంగిందో చెప్పలేను.

"అడిగేదానికి ఏముంది" అన్నాను. "నెర్రెలు కనపడతా ఉండాయి గదా. ఇది మా మాగాణి మాదిరే. ఎద్దు నిలబడినా మోస్తాది."

"అట్ట కాదక్కా. ఆ పడవల కాడ ఎవరన్నా ఉంటారు, ఒక్క నిమిషం..."

నేను అప్పటికే గట్టు దిగాను. నేల నిజంగానే గట్టిగా ఉంది. పైన ఉప్పు పేరుకున్న పొర కాలి కింద అప్పడంలా విరిగింది, కింద నేల మాత్రం కదల్లేదు. ఇరవై అడుగులు వేశాను. వెనక్కి తిరిగి మా అమ్మాయిని "రా" అన్నాను. అది పిన్నిని ఒకసారి చూసి, దిగింది. నా వెనకే వచ్చింది. రెండేళ్ళ తర్వాత మళ్ళీ నేను ముందు, అది నా వెనక. ఆ నేల మీద నేను నడిచిన ఆ కాసేపంత గర్వంగా జీవితంలో ఎప్పుడూ నడవలేదు.

తర్వాత అది నన్ను దాటింది. పక్షులు బాగా కనపడాలని ఎడమవైపుగా, తేలిగ్గా, గంతులేస్తూ పోయింది. పది అడుగులు పోయి ఉంటుంది. ఒక కాలు మోకాలి దాకా దిగిపోయింది. దాన్ని లాక్కోవడానికి రెండో కాలు ఊన్చింది. అదీ దిగింది. తొడల దాకా నల్లటి బురద. కుళ్ళిన గుడ్ల వాసన నా దాకా వచ్చింది. అది మొహం వెనక్కి తిప్పింది. నేను దానికి పది అడుగుల్లో ఉన్నాను. తోడికోడలు గట్టు మీద, చాలా వెనక ఉంది. మా అమ్మాయి చూపు నా పక్క నుంచి పోయింది.

"పిన్నీ" అని అరిచింది.

నేను పరిగెత్తలేదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వేలు తెగినా, కాలికి దెబ్బ తగిలినా ఎవరికైనా ముందు నోటికొచ్చేది అమ్మా అనే మాటే. నా కూతురు నా కళ్ళముందు బురదలో దిగిపోతూ, నన్ను దాటించి ఇంకొకరిని పిలిచింది. భయం కంటే ముందు నాకు అదే వచ్చింది. నేనుండగా ఆమెను ఎందుకు పిలిచావు? నన్నెందుకు పిలవలేదు? పది లెక్కపెట్టేంతసేపు ఉంటుందేమో, నేనక్కడ నిలబడి ఆ లెక్క చూసుకున్నాను. ఆ పిల్ల మునిగిపోతుందేమో అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. వచ్చాక కాలు ఎత్తాను.

"అక్కా, కదలబాక" అని వెనక నుంచి కేక. "ఆడనే ఉండు. అమ్మాయ్, కాళ్ళు లాగబాక. కూర్చో. కూర్చుని ఎనక్కి పండుకో. ఏం కాదు, పండుకో."

మా అమ్మాయి చెప్పినట్టే వెనక్కి వాలింది. తోడికోడలు గట్టు మీద పడవల వైపు పరిగెత్తి, పడవ తోసే పొడుగు గెడలు రెండు ఈడ్చుకొచ్చింది. వాటిని పక్కపక్కన పరిచి, వాటి మీద బోర్లా పడుకుని పాకుతూ పోయింది. పిల్ల కాలి చుట్టూ చేత్తో బురద తోడి, కాలు మెల్లమెల్లగా ఆడించమని చెబుతూ, ఒక కాలు, తర్వాత రెండోది బయటికి తీసింది. పావుగంట పట్టి ఉంటుంది. ఒక చెప్పు సరస్సులోనే ఉండిపోయింది. ఆ పావుగంటా నేను ఉన్నచోటే నిలబడి ఉన్నాను. నన్ను అక్కడి నుంచి ఎటు కాలు పెట్టాలో చెప్పి గట్టెక్కించింది కూడా ఆమే.

అప్పటికి పడవల దగ్గర నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా అవతారాలు చూసి, "నెర్రెలు చూసి దిగినారా?" అన్నాడు. "పైన ఎండింది, కింద ఎండలా. మేం గూడా ఆ కర్రలు పాతిన దారిలోనే పోతాం." చూపిస్తే కనపడింది. మేం దిగిన చోటికి వందగజాల అవతల సన్నటి కర్రలు నీళ్ళ దాకా వరసగా ఉన్నాయి. "ఏ ఊరమ్మా మీది?"

"కొడవలూరు" అన్నాను.

"మాగాణోళ్ళు" అని ఆయన నవ్వాడు.

ఊళ్ళో పంపు దగ్గర కడుక్కున్నాం. మా అమ్మాయి పిన్ని చున్నీ కొస పట్టుకునే ఉంది. నేను దాని కాళ్ళు రుద్ది రుద్ది తోమాను, తొక్క లేచిపోయేలా. తోడికోడలు నన్ను ఒక్క మాట అనలేదు. నేను చెప్పినా విన్నావు కాదే అనలేదు. ఇంటికొచ్చాక మా ఆయన అడిగితే "కాలు జారింది బావా" అని ఊరుకుంది. నా పరువు కాపాడింది. అందుకూ కళ్ళు మండాయి. బిడ్డను కాపాడినామె మీద ఇక అసూయ ఉండదులే అనుకున్నాను. ఉంది. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించేది, ఆమె ముందు నిలబడాలనిపించేది కాదు, రెండూ నిజమే. నోటుపుస్తకంలో ఆ దారి కింద "ఊరివాళ్ళను అడిగి దిగాలి" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాను.

ఏడాది పైన గడిచింది. నడకలు ఆగలేదు. ఆ రోజు సంగతి మా అమ్మాయి బంధువులందరికీ చెప్పేది, బురద లోతు ప్రతిసారీ కొంచెం పెరిగేది. నేను ఆ సంభాషణ మొదలవగానే కాఫీ పెట్టడానికి లేచిపోయేదాన్ని. ఒక్క ప్రశ్న మాత్రం నన్ను తినేస్తూనే ఉంది. అడిగితే ఏం చెబుతుందో అన్న భయంతో అడగలేదు.

మొన్న వేసవి ముందు తోడికోడలు పురిటికి పుట్టింటికి పోయింది. ఆ తర్వాతి ఆదివారం మిగిలినవాళ్ళెవరూ రాలేదు. మేమిద్దరమే కొడవలూరు చేల మీద నడిచి, అవతలి రోడ్డు బస్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని పులిహోర తింటున్నాం. నాకు మళ్ళీ పాతరోజులు వచ్చినట్టుంది. ఆ ధైర్యంతో అడిగాను.

"ఆ పొద్దు నన్నెందుకు పిలవలేదే?"

ఏ పొద్దు అని అది అడగలేదు. నోట్లో ముద్ద నమిలి మింగి, ఏదో అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "నిన్ను పిలిస్తే వచ్చేస్తావు గదమ్మా."

"వస్తే?"

"పరిగెత్తుకుంటా వస్తావు. చూడవు, అడగవు, దూకేస్తావు. నాకంటే ముందు నువ్వు మునుగుతావు. నాకు అదే భయమేసింది. పిన్నైతే ఆగి ఆలోచిస్తాది. అందుకే నీ పక్క చూడను గూడా చూడలా. చూస్తే వచ్చేస్తావని." కరివేపాకు తీసి పొట్లం అంచున పెట్టింది. "అయినా వచ్చేసేదానివే. పిన్ని కదలబాక అనబట్టి ఆగినావు."

నేను అవునని తలూపాను. పిన్ని ఆ మాట అనడానికి ముందే నేను ఆగి ఉన్నాను. ఎందుకు ఆగానో నాకు తెలుసు. మా అమ్మాయి మాత్రం ఇప్పటికీ అందరితో, మా అమ్మను ఆపడం ఎంత కష్టమో తెలుసా, పిన్ని కాబట్టి ఆపగలిగింది అని గొప్పగా చెబుతూ ఉంటుంది. నేను ఇప్పుడు కాఫీ పెట్టడానికి లేవడం లేదు. కూర్చుని వింటున్నాను. దాని మాటల్లో ఒక అమ్మ ఉంది, బిడ్డ పిలవకపోయినా ముందూ వెనకా చూడకుండా బురదలోకి దూకేసే అమ్మ. తోడికోడలి మీద అసూయ చాలావరకు తగ్గింది. ఈ అమ్మ మీద మాత్రం తగ్గడం లేదు.